గుండీల డబ్బా

ల్యాబ్, కిటికీ లేని గది
వానలు మొదలైన వారం

గుండీల మహారాణి వదినగారికి,

క్షేమంగా చేరాను. నా గొంతు నొప్పి కూడా నాతోపాటే క్షేమంగా చేరింది. ఈ మాత్రం ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నేను అసలు విషయానికి రాగానే మీ ఇంట్లో పాలు పొంగుతాయి. పొద్దున పొంగుతాయి, మధ్యాహ్నం పొంగుతాయి, షాపులో ఉన్నప్పుడు కూడా పొంగుతాయి. ఉత్తరమైతే నా మాట పూర్తయ్యేదాకా నువ్వు అడ్డు రాలేవు. చించేయొచ్చు గానీ, నువ్వు అరచేతంత కాగితాన్ని కూడా పారేసే మనిషివి కావు. అదే నా ధైర్యం.

ఆదివారం నేను మీ షాపుకి వచ్చేసరికి నా గొంతు బొంగురుగా ఉంది. నువ్వు మిషను ఆపి, కౌంటరు కింద నుంచి గుండీల డబ్బా తీశావు. ఎవరి చొక్కాకో గుండీ వెతుకుతున్నావనుకున్నాను. బొటనవేలితో అటూ ఇటూ కలియబెట్టి, "పసుపు-తెలుపు దగ్గుకి, ఎరుపు-నలుపు పంటికి, లేతనీలం మంటకి. గొంతంటే దగ్గుకి పక్కిల్లే. పసుపు వేసుకో" అని ఒక క్యాప్సూల్ నా చేతిలో పెట్టావు. దానికి చిన్న దారపు పోగు కూడా అంటుకుని ఉంది.

నేను పొద్దస్తమానం చేసే పని ఏ మందుకి ఏ బ్యాక్టీరియా చస్తుందో చూడటం. అందుకు నాకు జీతం ఇస్తారు. నువ్వేమో రంగు చూసి చెప్పేస్తున్నావు. నా ఉద్యోగానికి ఎసరు పెట్టకముందే ఒక్క మాట చెప్పనీ. నాకు వచ్చింది జలుబు. జలుబు తెచ్చేది వైరస్. ఆ క్యాప్సూల్ పనిచేసేది బ్యాక్టీరియా మీద. ఎదురింటాయన మీద కోపమొచ్చి పక్కింటాయన్ని కొడితే ఎదురింటాయనకి దెబ్బ తగలదు కదా!

మాత్ర వేసుకోలేదు. తగ్గడం మొదలైంది. అన్నయ్య మోకాలు ఎలా ఉంది? నేనున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు గానీ కుర్చీలోంచి ఒక్కసారి కూడా లేవలేదు.

పసుపు-తెలుపు ఇంకా బ్యాగులోనే ఉన్న,
మీ ఆడపడుచు

* * *

కుట్టు షాపు, కౌంటరు వెనక

మా సూక్ష్మానికి,

కంటికి కనపడని పురుగులన్నీ నీకు కనపడతాయి, కళ్ళెదుట ఉన్న వదిన మంచితనం మాత్రం కనపడదు. అందుకే ఈ పేరు పెట్టాను. ఇక నుంచి ఇదే ఖాయం.

పిల్ల గొంతు పోయి వచ్చింది కదా అని చేస్తున్న పని ఆపి మందిస్తే, ఇంటికెళ్ళి తీరిగ్గా కూర్చుని నా మీద ఉత్తరం రాసింది. ఇదీ ఈ కాలంలో ఉపకారానికి దొరికే కూలి.

నా డబ్బాని వెక్కిరిస్తున్నావు గానీ అదేమిటో నీకు తెలుసా? మా షాపులో మిగిలిన ముక్క ఏదీ బయటికి పోదు. చొక్కా కత్తిరించగా మిగిలింది జేబవుతుంది, జేబుకి సరిపోనిది కాలరు లోపలికి పోతుంది. మాత్రలూ అంతే. డాక్టరు ఒక మాత్రల పట్టీ రాస్తాడు. సగం అయ్యేసరికి జ్వరం పారిపోతుంది. పారిపోయిన జ్వరం వెనకాల మిగతా సగం మాత్రలు పట్టుకుని పరుగెత్తమంటావా? డబ్బాలో వేస్తాను. పైవాటాలో సంగీతం టీచరు తన మిగులు తెచ్చి వేస్తుంది, ఎదురు షాపు ఫొటోగ్రాఫరు తనది వేస్తాడు. ఎవరికి ఏం కావాలన్నా వచ్చి రంగు చెబితే చాలు. ఈ వీధిలో జనం డాక్టరు మొహం చూసి ఎన్నాళ్ళయిందో!

మీ అన్నయ్య సంగతి. ఆయన కటింగ్ మాస్టరు, నిలబడి చేయాల్సిన పని. ఇప్పుడు ఎత్తు స్టూలు మీద కూర్చుని బల్ల మీదికి వంగి కత్తిరిస్తున్నారు. కత్తెర వంకరపోతోంది. మొన్న బ్యాంకు మేనేజరు చొక్కాకి ఒక చెయ్యి ఆయనది, ఒక చెయ్యి ఇంకెవరిదో అన్నట్టు వచ్చింది. మీ అన్నయ్య నవ్వేశారు గానీ, ఆ రోజంతా మళ్ళీ కత్తెర ముట్టలేదు. మోకాలు అరిగిపోయిందట, లోపల స్టీలుది పెడతారట. వానలు తగ్గాక తేదీ ఇస్తానన్నాడు మోకాళ్ళ డాక్టరు. మళ్ళీ బల్ల దగ్గర నిలబడాలి, ఆయనకి ఇంకే కోరికా లేదు. నాకూ లేదు.

అంతకుమించి ఆరోగ్యంగానే ఉన్నారు. అప్పుడప్పుడు ఒంటేలికి వెళ్తే మంటంటారు. లేతనీలం రెండు మూడు వేస్తాను, తగ్గిపోతుంది, మిగతావి మళ్ళీ డబ్బాలోకి. కొన్నాళ్ళకి మళ్ళీ వస్తుంది, మళ్ళీ వేస్తాను. ఒకే పట్టీ ఎన్నిసార్లు వచ్చిందో చూశావా? పొదుపంటే అదీ.

నీ మాత్ర నాకు తిరిగి పంపు. వృథా చేయకు.

మంచితనం కనపడని,
మీ వదిన

* * *

ల్యాబ్, కిటికీ లేని గది
వాన ఆగని మధ్యాహ్నం

వదినా,

మీ వీధికి నువ్వు చేస్తున్న వైద్యసేవకి అభినందనలు. షాపు బోర్డు మీద "చొక్కాలు, గౌన్లు, చికిత్స" అని రాయించు. ఫొటోగ్రాఫరు చేత డబ్బాకి ఒక ఫొటో కూడా తీయించి గోడకి తగిలించు.

నీ ఉత్తరం చివర "అంతకుమించి ఆరోగ్యంగానే ఉన్నారు" దగ్గర నాకు నవ్వు ఆగిపోయింది. మంట మళ్ళీ మళ్ళీ వస్తోందంటే అది తగ్గడం లేదు. కాసేపు పక్క గదిలోకి వెళ్ళి కూర్చుంటోంది. నీకు అర్థం కావాలంటే నీ భాషలోనే చెప్పాలి, కనీసం కోపం రావడమైనా కాస్త ఆలస్యమవుతుంది.

బ్యాక్టీరియా చుట్టూ గట్టి గోడ ఒకటి ఉంటుంది, దగ్గరి అల్లికతో. మన ఒంట్లో కణాలకి అలాంటి గోడ లేదు. అది పెరిగేటప్పుడు పాత అల్లిక కొంచెం విప్పుకుంటూ, కొత్తది అల్లుకుంటూ పోతుంది. నీ పసుపు-తెలుపు లాంటి మందులు అల్లే సూదికి అడ్డం పడతాయి. విప్పడం సాగుతుంది, అల్లడం ఆగిపోతుంది. లోపలి ఒత్తిడికి కుట్లు విడిపోయి అది చస్తుంది. కొన్ని మందులు గోడ జోలికి పోవు, లోపల ప్రొటీన్లు తయారుచేసే మిషన్లో ఇరుక్కుంటాయి. నీ లేతనీలం, బ్యాక్టీరియా ఒకటి రెండయ్యేటప్పుడు తన నమూనాకి నకలు తీసుకోనివ్వదు. ఒక్కో మందుకి ఒక్కో గురి. అందుకే రంగుతో పని జరగదు.

ఇక నువ్వు చేస్తున్న ఉపకారం సంగతి. బ్యాక్టీరియా కోట్లలో పుడతాయి. అన్ని నకళ్ళు తీసేటప్పుడు తప్పులు దొర్లుతాయి. ఎక్కడో ఒక తప్పు దానికి కలిసొస్తుంది. ఒకదాని కాజా సైజు మారిపోతుంది, మందు గుండీ అందులో దూరదు. ఇంకోటి మందునే ముక్కలు చేసే కత్తెర తయారుచేసుకుంటుంది. మరోటి లోపలికొచ్చిన మందుని వచ్చినట్టే బయటికి తోడేస్తుంది. మామూలు రోజుల్లో వీటిని పట్టించుకునేవాళ్ళుండరు, కోట్లలో ఒక మూల పడి ఉంటాయి. నువ్వు లేతనీలం వేస్తావు. మిగతావి చస్తాయి. వీటికి ఇల్లు ఖాళీ, తిండి పుష్కలం, అడిగేవాడు లేడు. సంసారం పెంచుకుంటాయి. మళ్ళీ మంటొస్తుంది, మళ్ళీ వేస్తావు, ఇంకాస్త గట్టివి మిగులుతాయి. మా అన్నయ్య ఒంట్లో నువ్వు మొండివాళ్ళని ఏరి మరీ పెంచుతున్నావు వదినా.

ఇంకో ఘోరం విను. నీ పేపర్ కటింగులు సందు చివరి టైలరుకి ప్రాణం పోయినా ఇవ్వవు కదా. వీటికి అంత అసూయ లేదు. మందుని ఎలా కత్తిరించాలో తెలిసిన బ్యాక్టీరియా ఆ పేపర్ కటింగ్‌ని పక్కదానికి ఇచ్చేస్తుంది. పక్కది వేరే జాతిదైనా సరే ఇచ్చేస్తుంది.

మందు ఎన్ని రోజులు వేసుకోవాలన్నది కొన్ని జబ్బులకి ఈమధ్య డాక్టర్లే తగ్గిస్తున్నారు. కానీ ఆ సంగతి తేల్చాల్సింది జబ్బు చూసిన డాక్టరు. డబ్బా నిండాలని నువ్వు తేల్చకూడదు.

ఇప్పుడు పని చెప్తాను. అన్నయ్యకి మంట ఉందని మోకాళ్ళ డాక్టరుకి చెప్పు. మూత్రం కల్చర్ పరీక్షకి ఇప్పించు. స్టీలు మోకాలు పెట్టాక ఒంట్లో తిరిగే బ్యాక్టీరియా రక్తంలోంచి దాని మీదికి చేరితే, జిగురుపొర కట్టుకుని అక్కడే కాపురం పెడతాయి. ఆ పొరలోకి మందులు సరిగా వెళ్ళవు.

పసుపు-తెలుపు తిరిగి పంపడం లేదు. మా ఆసుపత్రిలో పారేసే చోట పారేశాను. గుండె రాయి చేసుకో.

మీ సూక్ష్మం

* * *

కుట్టు షాపు, కిటికీ పక్కన
ఎండ కాసిన రోజు

సూక్ష్మానికి,

నీ ఉత్తరం మీ అన్నయ్య షాపులో అందరి ముందూ పైకి చదివారు. కాజా సైజు దగ్గర ఫొటోగ్రాఫరు చప్పట్లు కొట్టాడు. సంగీతం టీచరు "మీ ఆడపడుచు బాగా చదువుకుంది, అందుకే భయమెక్కువ" అంది. సందు చివరి టైలరు మాట ఎత్తావు కదా, ఆ ఒక్క ముక్క మాత్రం నాకు నచ్చింది. పురుగులకి బుద్ధి లేదని అక్కడే తెలిసిపోయింది.

సరే, ఆడపడుచు నోటికి భయపడి చెప్పిన పనంతా చేశాను. డాక్టరుకి మంట సంగతి చెప్పాను. ఆయన కూడా నీలాగే మొహం పెట్టి కల్చర్ రాశాడు. సీసా ఇచ్చాం. ఫలితం వచ్చింది. వింటున్నావా? ఏమీ పెరగలేదట! ఒక్క పురుగు లేదు. నువ్వు రాసిన సంసారాలూ కాపురాలూ ఏవీ లేవు. డాక్టరు వచ్చే నెల మొదటివారం తేదీ ఇచ్చేశాడు.

నువ్వు అడగకముందే నేనే చెప్తున్నాను, తర్వాత దాచావనొద్దు. సీసా ఇచ్చే ముందు రెండు రోజులు లేతనీలం వేశాను. పరీక్షంటే పరాయివాళ్ళు చూసేది కదా. కస్టమరుకి చొక్కా చూపించే ముందు ఇస్త్రీ చేయకుండా ఇస్తామా? ముడతలతో ఇస్తే కుట్టిందెవరని అడుగుతారు. మీ అన్నయ్యని ముడతలతో పంపడానికి నాకు మనసొప్పలేదు.

తేదీ తెలిసినప్పటి నుంచి మీ అన్నయ్యని పట్టలేకపోతున్నాం. కత్తెర సాన పట్టించారు. కటింగ్ బల్ల కాళ్ళకింద చెక్కలు పెట్టించి ఎత్తు సరిచేయించారు, నిలబడితే నడుము వంగకుండా. కనపడిన వాళ్ళందరితో "వచ్చే నెల నుంచి నేనే" అంటున్నారు. నిన్న సాయంత్రం కాస్త వణుకు వచ్చింది గానీ వానలో తడిసి ఉంటారు.

ఎవరు గెలిచారో ఒప్పుకుంటూ ఒక ఉత్తరం రాయి. పైకి చదివిస్తాను.

మీ వదిన

* * *

ల్యాబ్

వదినా,

ఇది పైకి చదవొద్దు. అన్నయ్యకి కూడా ఇవ్వకు, ముందు నువ్వు చదువు.

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు. అన్నయ్య ఎత్తాడు. "అంతా మీ వదిన చూసుకుంటోంది" అని సంతోషంగా చెప్పి పెట్టేశాడు. ఆ సంతోషం వింటుంటే నాకు ఏడుపొచ్చింది. అందుకే ఈ ఉత్తరం కొరియర్లో పంపుతున్నాను. ఇందులో వెటకారం వెతకకు, లేదు.

కల్చర్ అంటే ఏం చేస్తామో చెప్తాను. నువ్విచ్చిన సీసాలోంచి ఒక చుక్క తీసి, బ్యాక్టీరియాకి తిండి ఉన్న పళ్ళెం మీద పూస్తాం. రాత్రంతా వెచ్చగా ఉంచితే ఉన్నవి పెరిగి కంటికి కనపడతాయి. వాటిని ఇంకో పళ్ళెం మీద పరిచి, పైన మందు పూసిన చిన్న చిన్న బిళ్ళలు పెడతాం. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఖాళీ వలయం వస్తుంది, పనిచేయకపోతే బ్యాక్టీరియా బిళ్ళ అంచుదాకా పెరిగిపోతుంది. నువ్వు ముందు రోజుల్లోనే మందేసి వాటిని సొమ్మసిల్లేలా చేశావు. చుక్కలో మందు కూడా ఉంది. పళ్ళెం ఖాళీగా ఉండక ఏమవుతుంది? సాక్షుల నోరు కట్టేసి, ఎవరూ ఏమీ చెప్పలేదని తీర్పు తెచ్చుకున్నావు. ఆ వణుకు వానది కాదు వదినా.

మొన్నామధ్య నా బల్ల మీదికి ఒక పళ్ళెం వచ్చింది. బిళ్ళలన్నీ వరసగా ఉన్నాయి, ఒక్కదాని చుట్టూ కూడా వలయం లేదు. తుంటికి కొత్త కీలు వేయించుకున్న ఒకాయనది. చీము పట్టి ఆ కీలు తీసేయాల్సి వచ్చింది. ఆ తర్వాత ఏమైందో నాకు తెలుసు. రాయను.

మీ ఇంట్లో నీ మాటకి ఎదురులేదని నాకు తెలుసు. అన్నయ్యకి నీ మీద ఉన్న గురి డాక్టరు మీద కూడా లేదు. అలాంటిది అన్నయ్య ముందే, పరాయివాళ్ళ ముందు, "నేనే మందేసి పరీక్షకి పంపాను" అని నువ్వు చెప్పడం ఎంత కష్టమో ఊహించగలను. అయినా చెప్పాలి. శనివారంలోపు నువ్వు చెప్పు. చెప్పలేదంటే నేను డాక్టరుకి ఫోన్ చేస్తాను. జన్మలో నువ్వు నాతో మాట్లాడకపోయినా సరే చేస్తాను.

నీ ఆడపడుచు

* * *

ఆసుపత్రి, రెండో వార్డు, తలుపు పక్క మంచం

గౌరవనీయులైన ల్యాబ్ అధికారిణి గారికి,

తమరు పంపిన హెచ్చరిక అందినది. తమరి ఆజ్ఞ ప్రకారం గడువుకి ముందే, గురువారం నాడు, డాక్టరుగారి ముందు హాజరైనాను.

ఒక్కదాన్నే చెప్పి వచ్చేద్దామనుకున్నాను. మీ అన్నగారు నేనూ వస్తానన్నారు. డాక్టరు పక్కన కుర్ర డాక్టర్లు గుంపుగా ఉన్నారు. గుండీల డబ్బా కూడా తీసుకెళ్ళాను, చూపించకుండా చెబితే నమ్మరని. "పరీక్షకి ముందు రెండు రోజులు మందేశానండీ" అన్నాను. ఎందుకన్నాడు. ఏం చెప్పను? "ఇస్త్రీ చేశానండీ" అన్నాను. కుర్రవాళ్ళు నవ్వారు. డాక్టరు నవ్వలేదు. డబ్బా అడిగి తీసుకుని, బల్ల మీద ఒక గుడ్డ పరిచి, బోర్లించాడు. గుండీల్లోంచి మాత్రలు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టాడు. చూస్తుండగానే మాత్రల గుట్ట గుండీల గుట్టని మించిపోయింది. కుర్రవాళ్ళు కూడా నవ్వు ఆపేశారు. మీ అన్నగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, ఆ రోజూ అనలేదు. తిట్టినా బాగుండేది.

తేదీ రద్దు చేశాడు. మందులన్నీ ఆపి కొన్నాళ్ళాగి మళ్ళీ పరీక్ష అన్నాడు. అంతదాకా ఆగనే లేదు సూక్ష్మం. ఆదివారం తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోతోంది. మంచం ఊగేంత వణుకు. ఏదో మాట్లాడుతున్నారు, ఎవరి కొలతలో చెబుతున్నారు, ఛాతీ ఇంత, నడుము ఇంత అని. ఇక్కడికి తెచ్చాం. ఇన్ఫెక్షన్ మూత్రపిండాల దాకా ఎక్కిందన్నారు. మందేయకముందే సీసా తీసుకున్నారు, ఈసారి నేను దరిదాపుల్లో లేకుండా చూశారు.

ఫలితం వచ్చింది. లేతనీలం పనిచేయదట. పసుపు-తెలుపు పనిచేయదట. ఎరుపు-నలుపు పరీక్షలోనే లేదట, అది ఈ పురుగు మీద ఎప్పుడూ పనిచేయదట. నేను మాత్రం ఒకసారి అది కూడా వేశాను. ఇక్కడి డాక్టరు చాలా మందుల పేర్లు చదివి అన్నింటికీ తల అడ్డంగా ఊపాడు. ఒకే ఒక్కటి పనిచేస్తుందట. ఇంజెక్షను, నరంలోకి. రాత్రి నుంచి ఎక్కిస్తున్నారు.

ఇందాక కళ్ళు తెరిచి "నేను ఇంక నిలబడతానా?" అని అడిగారు. డాక్టర్ని కాదు, నన్నే అడిగారు. వీధిలో ఎవరేమడిగినా ఠక్కున చెప్పేదాన్ని. ఇప్పుడు ఆయన దుప్పటి సర్ది, ఈ కాగితం తీశాను.

ఫోన్ చేస్తే ఏడుస్తాను, వార్డంతా చూస్తుంది. అందుకే రాస్తున్నాను. నువ్వు గెలిచావు, ఎంత కావాలంటే అంత వెక్కిరించు, తర్వాత. ఇప్పుడు ఒక్కటే చెప్పు. ఆ ఒక్క మందూ పనిచేస్తుందా? నిజం రాయి.

వదిన

* * *

ల్యాబ్, చేతికి దొరికిన కాగితం మీద

వదినా,

పనిచేస్తుంది.

మీ వార్డు పంపిన సీసాని పరీక్షించిన ల్యాబ్ వాళ్ళతో ఇప్పుడే మాట్లాడాను. ఆ ఒక్క బిళ్ళ చుట్టూ వలయం బాగా వెడల్పుగా వచ్చిందట. జ్వరం దిగడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు, కంగారు పడకు. మూత్రపిండాల కోసం రక్తపరీక్షలు చేస్తూ ఉంటారు, చేయనీ. ఆ మందుని ఊరికే ఎవరికీ ఇవ్వరు, బీరువాలో పెట్టి తాళం వేస్తారు. బ్యాక్టీరియాకి దానితో పరిచయం తక్కువ కాబట్టే ఇంకా చస్తున్నాయి. నువ్వు రాయమన్నావు కాబట్టి రాసి, అటు వస్తున్న మా అంబులెన్సు డ్రైవరు చేతికిస్తున్నాను. ఆదివారం నేనూ వస్తున్నాను.

నేను గెలిచానన్నావు. ఇది విను. శనివారం దాకా గడువు ఇచ్చానా, శుక్రవారమే డాక్టరుకి ఫోన్ చేశాను. ఆగలేకపోయాను, నిన్ను నమ్మలేదు కూడా. ఆయనేమన్నాడో తెలుసా? "మీ వదినగారు నిన్ననే డబ్బాతో సహా వచ్చారండీ. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో నిజం చెప్పేవాళ్ళు తక్కువ, సాక్ష్యంతో వచ్చి చెప్పింది ఈవిడొక్కరే" అన్నాడు. నువ్వు ఆ రోజు నోరు మూసుకుని ఉంటే మొదటివారం ఆపరేషన్ జరిగిపోయేది. ఈ జ్వరం స్టీలు లోపలికి వెళ్ళాక వచ్చేది. అప్పుడు ఈ ఇంజెక్షను కూడా ఆ జిగురుపొర దగ్గర చేతులెత్తేసేది. అన్నయ్య కాలు నువ్వే కాపాడావు. నాకు ఇష్టం లేకపోయినా రాయక తప్పడం లేదు.

ఇంకోటి. ప్రపంచంలో మందులన్నీ నీ డబ్బా వల్లే పాడయ్యాయని పొంగిపోకు. నీకంత ఘనత కట్టబెట్టలేను. జలుబుకి అవే రాసే డాక్టర్లున్నారు, చీటీ లేకుండా ఇచ్చే మందుల షాపులున్నాయి, కోళ్ళు త్వరగా బలవాలని మేతలో కలిపే ఫారాలున్నాయి. వాళ్ళ ముందు నువ్వు చిల్లర వ్యాపారివి.

అన్నయ్యకి చెప్పు, నిలబడతాడని. నేను చెప్పానని కాదు, నువ్వే చెప్పినట్టు చెప్పు. నీ మాటే నమ్ముతాడు.

మీ సూక్ష్మం

* * *

కుట్టు షాపు, కటింగ్ బల్ల పక్కన
చలి తగ్గిన వారం

సూక్ష్మానికి,

ఇంతకాలం ఉత్తరం రాయలేదని నిష్ఠూరమాడకు. షాపులో పని పెరిగింది. వైద్యం మానేశాక కుట్టడానికి టైము దొరుకుతోంది.

జ్వరం తగ్గి, ఇస్త్రీ చేయని పరీక్షలో ఏమీ లేదని తేలాక మీ అన్నయ్య మోకాలు పెట్టించుకుని ఇంటికొచ్చిన సంగతి నీకు తెలుసు, పక్కనే ఉండి నర్సుల ప్రాణం తీశావు కదా. మొదట్లో కర్ర, తర్వాత గోడ, తర్వాత నా భుజం. నిన్న పొద్దున నేను మిషను మీద ఉన్నాను. స్టూలు జరిపిన చప్పుడైంది. తలెత్తితే బల్ల దగ్గర నిలబడి ఉన్నారు. చెయ్యి ఆనించలేదు. చాక్ తీసి గీత గీసి కత్తెర పెట్టారు. అంచు చివరిదాకా ఒక్కటే కోత, వెంట్రుకంత వంకర లేదు. నేను మిషను తొక్కుతున్నట్టు నటించాను. దారం ఎప్పుడో తెగిపోయింది.

అయితే భయం పోలేదమ్మా. వార్డు డాక్టరు పంపేటప్పుడు చెప్పిన మాట చెవిలోనే ఉంది. మళ్ళీ జ్వరమొచ్చినా, మంటొచ్చినా తిన్నగా తన దగ్గరికే రమ్మన్నాడు, ఈయనకి మిగిలిన మందు ఒక్కటే, అది కూడా పాడైతే తన చేతిలో ఏమీ లేదన్నాడు. మీ అన్నయ్య కాస్త దగ్గినా ఇప్పుడు నా సూది ఆగుతుంది. అలా చూస్తూ కూర్చుంటాను.

వీధికి మాత్రం నా మీద కోపంగా ఉంది. ఫొటోగ్రాఫరు ముక్కు చీదుకుంటూ వచ్చి "పసుపు-తెలుపు ఒకటి" అన్నాడు. "నీకు వచ్చింది వైరస్, దానికి గోడ లేదు, కుట్లు లేవు, నీకు బుద్ధి లేదు" అని పంపించాను. సంగీతం టీచరు నాకూ చదువెక్కువైందంటోంది. మాత్రలన్నీ ఆ గురువారమే మోకాళ్ళ డాక్టరు తీసుకుని ఆసుపత్రిలో పారేయించాడు. చెత్తబుట్టలో వేయకూడదట. డబ్బాలో ఇప్పుడు గుండీలే ఉన్నాయి. కదిపితే చప్పుడు కూడా మారింది.

దీంతోపాటు పార్సిల్ పంపుతున్నాను. తెల్ల కోటు, నీ ల్యాబ్‌కి. మీ అన్నయ్య నిలబడి కత్తిరించిన మొదటి గుడ్డ అదే. నీ కొలతలు అడగలేదు, జ్వరంలో కలవరించినవాటిలో అవి కూడా ఉన్నాయి. లోపలి జేబు మిగిలిన ముక్కతో వేశాను, ఆ అలవాటు మాత్రం మాననన్నానని ఆ మోకాళ్ళ డాక్టరుకి చెప్పు.

తెల్ల కోటుకి తెల్ల గుండీలే వేయాలని నాకూ తెలుసు. కానీ పైన పసుపు వేశాను, దాని కింద తెలుపు, తర్వాత ఎరుపు, నలుపు, ఆ కింద లేతనీలం. చివరిదాని సంగతి నువ్వే చూడు, ఆ ఇంజెక్షను సీసా మూత రంగుది, సంతలన్నీ వెతికి తెచ్చాను. మీ ల్యాబ్‌లో ఎవరైనా నవ్వితే మా వదిన వైద్యం చేసేదని చెప్పు.

వేసుకున్నప్పుడు అన్ని గుండీలూ పెట్టుకో. సగం పెట్టేసరికి బాగానే ఉంది కదా అనిపిస్తుంది, అక్కడ ఆపేయకు. ఎన్ని పెట్టుకోవాలో కుట్టినదాన్ని నేను చెప్తాను, చివరిదాకా పెట్టుకో.

మీ వదిన